తొణకని చెంబు

గుంటూరులో పొన్నూరు, బాపట్ల వైపు వెళ్ళే బస్సు ఎక్కితే, నారాకోడూరు దాటిన కొద్దిసేపటికి చేబ్రోలు వస్తుంది. గుంటూరుకు సుమారు 15 కిలోమీటర్ల దూరం. చాలామంది ప్రయాణికులు ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూసి ముందుకు సాగిపోతారు. కిందటి దసరా సెలవులలో నేనూ, మా అబ్బాయీ మాత్రం అక్కడ దిగాము. మా అక్కయ్యా బావా ఉండేది ఆ ఊళ్ళోనే.

మా బావకు చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మన దేశం 2014లో పోలియో లేని దేశంగా గుర్తింపు పొందింది. అందుచేత ఈ జబ్బు వచ్చిన పిల్లలను మీరు చూసి ఉండరు. యాభై దాటినవాళ్ళలో మా బావవంటి వాళ్ళు ఇంకా కనిపిస్తారు. ఆయన పలకలూ, నోటు పుస్తకాలూ అమ్మే చిన్న దుకాణం నడుపుతున్నాడు. సరుకు తెచ్చుకునేందుకు ఆయనకొక మూడు చక్రాల సైకిలుంది. ముందు భాగం మామూలు సైకిలే. వెనక మాత్రం రెండు చక్రాలూ, వాటి మీద ఒక చెక్కపెట్టే. కుడికాలితో తొక్కుతాడు, ఎడమకాలిని పెడలుకు బెల్టుతో కట్టుకుంటాడు. రెండు చక్రాల సైకిలైతే ఆగినప్పుడు కాలు నేలకు ఆనించాలి గదా! ఆయనకు ఆ వీలు లేదు. అందుకే మూడో చక్రం.

మేము ఇంటికి చేరేసరికి ఆ బండి వసారాలో గొలుసూ తాళమూ వేసి ఉన్నది.

"ఇదేమిటి బావా, బండికి జైలు వేశారు?" అన్నాను.

"మీ అక్కయ్యనే అడుగు," అన్నాడు బావ.

జరిగినదేమంటే, వేసవిలో ఒకనాడు బావ సందు మలుపు తిరుగుతూండగా ఎదురుగా ఒక లేగదూడ వచ్చిందట. తప్పించబోయి హాండిలు గట్టిగా తిప్పాడు. బండి లోపలి చక్రం గాలిలోకి లేచి, బండీ, బావా, పెట్టెడు పుస్తకాలూ కలిసి బయటివైపుకు పడ్డారు. దూడకేమీ కాలేదు. బావ భుజం మాత్రం రెండు నెలలు కట్టుతో ఉన్నది. అక్కయ్య ఆ రోజే బండికి తాళం వేసి, తాళంచెవి పోపులపెట్టెలో దాచింది. అప్పటి నుంచి సరుకు ఎవరో ఒకరు తెచ్చిపెడుతున్నారు. బావ దుకాణంలో కూర్చునే ఉంటున్నాడు. ఆయన నోరు తెరిచి ఏమీ అనలేదు గాని, ఆ తాళం వంక చూసే చూపు నాకు తెలుస్తూనే ఉన్నది.

మా వాడు అత్తయ్యను బతిమాలి, పెరట్లో ఒక్కసారి తొక్కి చూస్తానని తాళం తీయించాడు. వాడికి సైకిలు బాగా వచ్చు. ధీమాగా ఎక్కాడు, నాలుగు సార్లు తొక్కాడు, తిన్నగా పోయి కంచెలో పడ్డాడు!

"హాండిలు ఎందుకు తిప్పలేదురా అల్లుడూ?" అని బావ నవ్వుతూ అడిగాడు.

"కుడివైపు వాలాను మామయ్యా! బండి తిరగలేదు," అన్నాడు వాడు.

ఇందులో తమాషా ఉన్నది. సైకిలు వచ్చినవాడు మలుపు తిరిగేటప్పుడు తనకు తెలియకుండానే శరీరాన్ని లోపలి వైపుకు వాలుస్తాడు. హాండిలు తిప్పడం ఆ వాలుకు తోడుగా జరిగిపోతుంది. మూడు చక్రాల బండి వాలదు. అక్కడ వాలడం మాని, కేవలం చేతులతో తిప్పాలి. అందువల్ల సైకిలు వచ్చినవాళ్ళకే మొదటిసారి రిక్షా తొక్కడం కష్టమవుతుంది. ఏమీ రానివాడు మేలు!

ఆ సాయంత్రం మేము ముగ్గురమూ చతుర్ముఖ బ్రహ్మ గుడికి వెళ్ళాము. బావ కర్ర ఊతతో నెమ్మదిగా నడిచాడు. బ్రహ్మకు గుళ్ళు చాలా అరుదు అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. చేబ్రోలులో కోనేటి నడుమ బ్రహ్మకు గుడి ఉన్నది. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దీనిని కట్టించాడు. ఆయన 1816లో కన్నుమూశాడు, కనుక గుడికి రెండు వందల ఏళ్ళు దాటాయన్నమాట. లోపల శివలింగానికి నాలుగు వైపులా బ్రహ్మ రూపం చెక్కి ఉంటుంది.

"ఈయనకు మలుపులతో పని లేదు. ఎటు కావాలంటే అటు ఒక ముఖం ఉన్నది," అన్నాడు బావ.

ఊరు గుడి కన్న ఎంతో పాతది. భీమేశ్వరాలయం దగ్గర దొరికిన ఒక శాసనాన్ని 2019లో పండితులు చదివి, అది శాతవాహన రాజు విజయుని కాలానిదనీ, క్రీ.శ. 207 నాటిదనీ తేల్చారు. దక్షిణ భారతంలో ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనాలలో అది చాలా పాతది. అందులో ఈ ఊరి పేరు "తాంబ్రాపె". ఆ తరువాతి శాసనాలలో తామ్రపురి. తామ్రమంటే రాగి. రాగి ఊరన్నమాట. ఈ రాగి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయపకు కూడా ఈ ఊరితో సంబంధమున్నది. 1213 నాటి ఆయన శాసనం ఇక్కడ ఉన్నది. ఆయన ఇక్కడ గుడి కట్టించాడు. ఏనుగులను నడిపిన ఆ మనిషే "నృత్త రత్నావళి" అని నాట్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. ఏనుగుకూ నాట్యానికీ ఏమి సంబంధమని మా వాడు అడిగాడు. నాకు తోచినది చెప్పాను: రెండింటిలోనూ బరువు ఎటు పోతున్నదో కనిపెట్టి ఉండాలి. నర్తకి గిర్రున తిరిగేటప్పుడు గాని, ఒక కాలి మీద నిలిచేటప్పుడు గాని, నడుమూ మెడా ఊరికే వంచదు. వంచకపోతే పడుతుంది.

మేము మాట్లాడుతూండగా, పక్కన మంటపంలో కొందరు పిల్లలు స్తంభం చుట్టూ పరిగెత్తుతున్నారు. ప్రతివాడూ స్తంభం వైపుకు వాలి పరిగెత్తుతున్నాడు. వేగం పెరిగినకొద్దీ ఎక్కువ వాలుతున్నాడు. మా వాడు చాలాసేపు వాళ్ళ వంకే చూశాడు.

"నాన్నా, మామయ్య బండి కూడా ఇలా వాలితే?" అన్నాడు.

"వాలితే ఆగినప్పుడు పడిపోదూ?" అన్నాడు బావ. తనకు కావలసినదేమిటో ఆయనకు బాగా తెలుసు.

వాడు ఆలోచించి, "పరిగెత్తేటప్పుడు రెండు చక్రాల సైకిలులా ఉండాలి. ఆగినప్పుడు మూడు చక్రాల బండిలా ఉండాలి," అన్నాడు.

చెప్పటానికి ఒక్క ముక్క. చేసి చూపటానికే ఏళ్ళు పట్టింది, అది కూడా గొప్ప గొప్ప కంపెనీలకు. ఇంగ్లండులో జార్జి వాలిస్ అనే ఆయన ఇటువంటి ఏర్పాటుకు 1966లో పేటెంటు తీసుకున్నాడు. అందులో వెనక రెండు చక్రాల భాగం నేల మీద తిన్నగా ఉంటుంది. ముందు భాగం, దానిమీద కూర్చున్న మనిషితో సహా, ఒక కీలు మీద అటూ ఇటూ వాలుతుంది. 1970లో బి.ఎస్.ఎ. కంపెనీ ఆ పద్ధతిలో "ఏరియల్ 3" అనే చిన్న మోటారు బండిని తయారు చేసింది. అది బజారులో నిలవలేదు. కాని ఆలోచన మాత్రం నిలిచింది. జపానులో హోండా కంపెనీ 1981లో స్ట్రీమ్, 1982లో జైరో అనే బండ్లను అదే దారిలో చేసింది. 2006లో ఇటలీలోని పియాజియో కంపెనీ ఎంపీ3 అనే బండిని తెచ్చింది. దానికి ముందున్న రెండు చక్రాలూ కూడా మనిషితో పాటే వాలతాయి. బండి ఆగేటప్పుడు మీట నొక్కితే ఆ వాలు బిగిసిపోతుంది, కాలు నేలకు ఆనించనక్కర్లేదు.

మర్నాడు బజారులో వెల్డింగు మేస్త్రీ దగ్గరకు పోయాము. ఆయన అంతా విని, "చేద్దాం బాబూ. కాని ముందు జబ్బు ఎంత ఉన్నదో చూడాలి గదా," అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది.

ఊరి చివర ఖాళీ జాగాలో ఒక మేకు పాతి, 4 మీటర్ల తాడు కట్టి, ముగ్గుపిండితో వలయం గీశాము. వలయం చుట్టుకొలత సుమారు 25 మీటర్లు. బండి నేనే ఎక్కాను. పక్కన ఇద్దరు మనుషులు పట్టుకునేందుకు సిద్ధంగా ఉన్నారు. (మీరు ఇటువంటి పరీక్ష చెయ్యకండి.) మా వాడు గడియారం చూశాడు. ఒక చుట్టుకు 12 సెకన్లు పట్టినప్పుడు బండి బుద్ధిగా తిరిగింది. 10 సెకన్లకు కొంచెం గునిసింది. 8 సెకన్లకు వచ్చేసరికి లోపలి చక్రం జానెడు లేచింది, మనుషులు పట్టుకున్నారు. 8 సెకన్లలో 25 మీటర్లంటే గంటకు 11 కిలోమీటర్ల పైచిలుకు. సైకిలుకు అదేమీ పెద్ద వేగం కాదు!

ఇందుకు కారణం చూడండి. మలుపులో బండి మీద ఉన్న బరువు తిన్నగా పోజూస్తుంది, చక్రాలు దానిని లోపలికి తిప్పుతాయి. ఆ పెనుగులాటలో బండిని బయటివైపుకు పడదోసే బలం పుడుతుంది. వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగు రెట్లవుతుంది, ఇదే మోసం. పైగా మనిషి సీటు మీద ఎత్తున కూర్చుంటాడు. వెనక చక్రాల మధ్య దూరం 70 సెంటీమీటర్లే. బరువు ఎత్తున ఉండి, పాదాలు దగ్గరగా ఉంటే ఏ వస్తువైనా తేలికగా పడుతుంది. రిక్షా తొక్కేవాళ్ళు మలుపుకు ముందే వేగం తగ్గించి, ఒళ్ళు లోపలికి వంచేది అందుకే.

ముందు భాగం కీలు మీద వాలేటట్టు చేస్తే, మనిషి సరిగ్గా సైకిలు మీద లాగే లోపలికి వాలి తన తూకం తాను చూసుకుంటాడు. 8 సెకన్ల చుట్టుకు కావలసిన వాలు 14 డిగ్రీలు మాత్రమే. వెనక భాగానికి తగిలే తోపు మనిషి ఎత్తున కాక, కీలు ఎత్తున తగులుతుంది. కీలు ఎంత కిందికి ఉంటే అంత మేలు.

మేస్త్రీ వెంటనే, "చెయిను మాటేమిటి? పెడళ్ళు వాలే ముక్కకు, ఇరుసు వాలని ముక్కకు. చెయిను మెలిపడదా?" అన్నాడు.

ఇది నేను ఆలోచించనే లేదు. చివరకు కీలు గొట్టాన్ని ఇరుసు ఎత్తునే, చెయినుకు ఎంత దగ్గర వీలయితే అంత దగ్గర పెట్టాడు. చెయిను పొడుగు కనుక ఆ కాస్త మెలిని ఓర్చుకుంటుంది. 20 డిగ్రీలు దాటి వాలకుండా రెండు వైపులా ఇనుప ముక్కలు అడ్డం పెట్టాడు.

కీలు విషయంలో అందమైన ఉపాయం ఒకటున్నది. పెద్ద చదరపు గొట్టంలో చిన్న చదరపు గొట్టాన్ని కోణం తిప్పి దూర్చి, నాలుగు మూలలా మిగిలిన ఖాళీలలో రబ్బరు కడ్డీలు బిగించాలి. లోపలి గొట్టం మెలి తిరిగితే రబ్బరు నలుగుతుంది, వదిలేస్తే మళ్ళీ తిన్నగా తోస్తుంది. పైన చెప్పిన జైరో బండిలో ఉండేది ఇటువంటిదే. మేస్త్రీ పాత ట్రాక్టరు టైరును కోసి ఆ కడ్డీలు చేశాడు. ఇక తాళం: వెనక భాగానికి అర్ధచంద్రాకారంలో ఒక రేకు, ముందు భాగానికి ఆ రేకును కరిచిపట్టే సైకిలు బ్రేకు. హాండిలు మీద మీట నొక్కి కొక్కెం తగిలిస్తే ముందూ వెనకా ఒకటైపోతాయి.

నాలుగు రోజులు పట్టింది. అన్నీ కుదిరాక మా కెవరికీ తట్టని చిక్కొకటి బయటపడింది. బావ జన్మలో రెండు చక్రాల సైకిలు తొక్కలేదు! వాలే బండి మీద తూకం నిలుపుకోవటం ఆయనకు తెలియదు. యాభై దాటిన మనిషికి మా ఎనిమిదో తరగతివాడు గురువయ్యాడు. మొదటి రోజు బ్రేకు సగం బిగించి ఉంచాడు, బండి బరువుగా, నెమ్మదిగా వాలింది. రోజు రోజుకూ కొంచెం కొంచెం వదులు చేశాడు. సీటు పట్టుకుని వెనక పరిగెత్తుతూ, "చూపు దూరంగా పెట్టండి మామయ్యా, చక్రం వంక చూడకండి!" అని అరిచేవాడు. మూడో రోజున బావ పక్కకు వాలి ఉన్నప్పుడే తాళం బిగించి, ఒరిగిన తాటిచెట్టులాగా అలాగే నిలిచిపోయాడు. దిగటానికి లేదు, లేవటానికి లేదు. మేస్త్రీ నవ్వలేక కూలబడ్డాడు. ముందు తిన్నగా లేచి, తరువాత తాళం వెయ్యాలన్న సంగతి ఆ రోజు నుంచి బావ మరిచిపోలేదు.

అయిదో రోజు సాయంత్రం అక్కయ్య పరీక్షకు వచ్చింది. ఆమె చేతిలో నిండా నీళ్ళున్న రాగిచెంబు.

"మీ డిగ్రీలు నాకు తెలియవు. ఈ నీళ్ళు ఒలకకుండా మలుపు తిరిగి చూపించండి. అప్పుడే బండి రోడ్డెక్కేది," అన్నది.

అక్కయ్య సైన్సు చదవలేదు గాని, ఇంతకన్న మంచి పరికరం లేదు. తిన్నగా ఉన్న బండి మలుపు తిరిగితే చెంబులో నీళ్ళు బయటి అంచుకు ఎక్కి ఒలుకుతాయి. సరిగ్గా కావలసినంత వాలిన బండిలో చెంబు కూడా అంతే వాలుతుంది. అప్పుడు నీటి మట్టానికీ చెంబు అంచుకూ తేడా రాదు.

ఆమె చెంబును వెనక పెట్టెలో పెట్టింది. బావ ముగ్గు వలయం మీద 8 సెకన్లలో తిరిగాడు. చక్రం లేవలేదు! కాని నీళ్ళు సగం ఒలికాయి.

మా వాడు గాభరాగా, "అత్తయ్యా, చెంబు ముందు బుట్టలో పెట్టాలి. వెనక పెట్టె వాలదు," అన్నాడు. ముందు బుట్టలో పెట్టి మళ్ళీ తిరిగితే నాలుగు చుక్కలు తప్ప ఒలకలేదు. వాడు ఎగిరి గంతేశాడు.

అక్కయ్య మాత్రం గంతెయ్యలేదు. "బాగానే ఉన్నది. సరుకు పెట్టేది ముందు బుట్టలోనా, వెనక పెట్టెలోనా?" అన్నది.

మాకు మాట రాలేదు. ఆమె అడిగినది అక్షరాలా నిజం. మనిషి వాలి బతికిపోతాడు. పెట్టెలో పుస్తకాల కట్టలు వాలవు. అవి ఎత్తుగా పేర్చి ఉంటే పాత ప్రమాదం కొంత అలాగే ఉన్నది. సరుకు కూడా వాలాలంటే రెండు చక్రాలూ కలిసి వాలే పద్ధతి కావాలి. దానికి కీళ్ళు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఒక్క కీలు వదులైనా మళ్ళీ మేస్త్రీ దగ్గరకు పరుగు.

మేస్త్రీ తల గోక్కుని, మర్నాడు చెక్కపెట్టెను విప్పేసి, ఇరుసుకు కింద, నేలకు ఒక జానెడు ఎత్తులో రేకు పళ్ళెం వేలాడదీశాడు. వెనక చక్రాల మధ్య దూరం ఇంకో 15 సెంటీమీటర్లు పెంచాడు. పళ్ళెం అంచులు పొట్టివి, కట్టలు రెండు వరసలకు మించి పట్టవు. "ఇంతకన్న ఎత్తు పేర్చితే నన్నడగవద్దు," అన్నాడు. పెట్టె పోయినందుకు బావ కొంచెం బాధపడ్డాడు, వానలో పుస్తకాలు తడుస్తాయని. దానికి టార్పాలిన్ కొనాలి.

మళ్ళీ పరీక్ష జరిగింది. పళ్ళెంలో రెండు వరసల పుస్తకాలు, వాటి మీద చెంబు. ఒక చుట్టు 7 సెకన్లలో పూర్తయింది. చక్రాలు నేలను వదలలేదు. చెంబులో నీళ్ళు మాత్రం ఈసారి కూడా ఒలికి, పై కట్ట తడిసింది.

అక్కయ్య తడిసిన పుస్తకాలు తీసి ఎండలో ఆరబెట్టింది. ఒకటి రెండు సార్లు బండిని చేత్తో అటూ ఇటూ వాల్చి చూసింది. తాళం మీట తానే బిగించి, ఊపి చూసింది. ఇంటికి పోయాక పోపులపెట్టెలోంచి తాళంచెవి తీసి, వీధి గుమ్మం పక్క మేకుకు తగిలించింది. "పొద్దున పూట మాత్రమే. బస్సుల రద్దీలో వద్దు," అన్నది.

మేము గుంటూరు బస్సు ఎక్కిన రోజున బావ మమ్మల్ని దింపటానికి బండి మీదే వచ్చాడు. బస్సు దగ్గర తిన్నగా లేచి, తాళం బిగించి, రెండు చేతులూ వదిలి చెయ్యి ఊపాడు. కాళ్ళు పెడళ్ళ మీదే ఉన్నాయి.